స్కాట్లండ్ డాక్టరు పెట్టిన పథ్యం

మొన్న శనివారం మా అమ్మకు డాక్టరు ఒక చిన్న తెల్ల మాత్ర రాసింది. మేముండే పేట ద పాండ్స్‌లో, మా ఇంటికి దగ్గర్లోనే ఒక మెడికల్ సెంటరు ఉంది. అందులో కొత్తగా చేరిన ఆ అమ్మాయి కంప్యూటరు మీంచి కళ్లు తిప్పకుండా విషయం చెప్పింది. గొంతు దగ్గరి గ్రంథి కాస్త మందగించిందట, రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలట.

అమ్మకు ఇంగ్లీషు బాగానే వచ్చు. ఈ దేశంలో చాలాకాలం ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. "మరి తిండి సంగతి?" అని ఇంగ్లీషులోనే అడిగింది.

"ఏదైనా తినొచ్చు ఆంటీ. మీకు ఏది ఇష్టమైతే అది."

"అంతేనా?" అంది అమ్మ, ఈసారి తెలుగులో.

ఆ 'అంతేనా' నేను ఇదివరకు విన్నాను. గొంతు వేరు, సాగదీత అదే.

కారులో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నా కూతురు డ్రైవ్ చేస్తోంది. యూనివర్సిటీలో చదువుతుంది, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. "అమ్మమ్మా, యూ ఓకే? ఇట్స్ జస్ట్ అ టాబ్లెట్. నా ఫ్రెండ్స్‌లో కూడా టూ పీపుల్ టేక్ ఇట్."

"నాకు తెలుసులేవే," అంది అమ్మ, కిటికీతోనే.

"మా అమ్మమ్మకు కూడా ఇదే మాత్ర," అని నేను మొదలుపెట్టాను.

"మమ్, ప్లీజ్. నాట్ ద క్రాకడైల్ అగైన్."

"ఈసారి మొసలి కొంచెమే ఉంటుంది," అన్నాను.

మా ఇంట్లో నా మాటకు సగం తరుగు తీసి నమ్మడం అలవాటు. మీరూ అంతే తీసుకోండి. ఏ సగం తీసేయాలన్నది మాత్రం నేను చెప్పను.

నా చిన్నప్పటికి ద పాండ్స్ లేదు. ఇప్పుడు మా గరాజు ఉన్న చోట ఆవులు మేసేవి. మేము ఇక్కడికి కాస్త దక్షిణంగా, రైలు స్టేషనుకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో, సిమెంటు రేకు గోడల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ఆ వీధిలో సగం మంది స్కాట్లండ్ వాళ్లు. ఓడలెక్కి వచ్చి ఒకరి పక్కన ఒకరు ఇళ్లు తీసుకున్నారు. నిప్పులు చెరిగే ఎండలో కూడా ఉన్ని చొక్కా వేసుకుని, ఇక్కడ వేడి ఎక్కువని ఒకరితో ఒకరు చెప్పుకునేవారు. నాన్న ఆ వీధిని స్కాట్లండ్ అనేవాడు. "స్కాట్లండ్‌లో పాలు అయిపోయాయట, పై వీధికి వెళ్లి తీసుకురా," అని నన్ను పంపేవాడు.

వీధి చివర ఒకే రేకుల వసారా కింద కొట్లన్నీ వరసగా ఉండేవి. మొదటిది మిల్క్ బార్. పాలు, రొట్టె, పేపర్లు, గాజు జాడీల్లో చాక్లెట్లు. దాని ఓనరు గ్లాస్గో మనిషి. నాన్న కాకినాడలో ఇంజనీరింగు చదివి నేర్చుకున్న ఇంగ్లీషు మాట్లాడేవాడు, ఆయన గ్లాస్గోలో పుట్టుకతో వచ్చిన ఇంగ్లీషు మాట్లాడేవాడు. ఒకరి మాట ఒకరికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నేను మధ్యలో నిలబడి ఇంగ్లీషును ఇంగ్లీషులోకి మార్చేదాన్ని. దుబాసీ పని నాకు అక్కడే అబ్బింది. ఆ పనికి జీతం లేదు గానీ, ఏ జాడీలో చెయ్యి పెట్టాలో నేనే ఎంచుకోవచ్చు.

పక్కన మాంసం కొట్టు. నేలంతా రంపపు పొట్టు పరిచి ఉండేది. కొట్టాయన కత్తి నూరుతూ ఈల వేస్తే, ఆ శ్రుతికి వీధిలో కుక్కలన్నీ కూర్చునేవి. ఆ పక్కన కేకుల కొట్టు. మధ్యాహ్నం దాటాక మాడిన పంచదార వాసన మా స్కూలు కంచె దాకా వచ్చేది. మా టీచరు ఆ వాసన వచ్చే వేళకు లెక్కలు చెప్పడం మానేసి కథలు చదివించేది. ఆ తర్వాత మందుల షాపు. కిటికీలో ఎర్ర నీళ్లు, పచ్చ నీళ్లు నింపిన పెద్ద పెద్ద గాజు బుడ్లు, లోపల కర్పూరం, గులాబీ సబ్బు కలిసిన వాసన. చివరగా మూల మీద డాక్టరు ఇల్లు. ముందు రెండు గదుల్లో వైద్యం, వెనక కాపురం. నేల పాలిష్ వాసన, పైపు పొగాకు వాసన, తడిసిన కుక్క వాసన. ఆ కుక్క వచ్చిన వాళ్లందర్నీ వాసన చూసి, నిజంగా జబ్బున్న వాళ్లను లోపలికి వదిలి, స్కూలు ఎగ్గొట్టడానికి వచ్చిన వాళ్లను గేటు దగ్గరే ఆపేసేది. దీనికి నేనే సాక్షిని.

డాక్టరు పొట్టిగా ఉండేవాడు. చిల్లులు పడిన స్వెటరు వేసుకునేవాడు. కనుబొమ్మలు మాత్రం చాలా గుబురు. వాటిలో పిచ్చుక గూడు పెట్టిందని నేను స్కూల్లో చెబితే సగం క్లాసు నమ్మింది. మిగతా సగం చూసి రావడానికి వెళ్లింది.

మా తమ్ముడి పురిటికి అమ్మమ్మ కృష్ణా జిల్లా నుంచి వచ్చింది. తాతయ్య పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆమెతో పాటు ఒక జాడీడు ఆవకాయ వచ్చింది. మూతికి గుడ్డ కట్టి, దాని మీద మైనం పోసి, దాని మీద ఇంకో గుడ్డ. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ఆయన గుడ్డలు విప్పించి లోపలికి ఒక్కసారి ముక్కు పెట్టాడట. ఆ తర్వాత ఆయన ఆ ఉద్యోగంలో కనిపించలేదట. ఈ మాట అమ్మమ్మ చెప్పిందే, నా కల్పన కాదు. కోతలు కోయడంలో నాకు గురువు ఆవిడే.

రోజూ స్కూలు నుంచి రాగానే నాకు మొసలి కథ చెప్పేది. వాళ్ల తాత కృష్ణలో ఒక మొసలికి ముక్కుతాడు వేసి, దాని చేత పడవ లాగించాడు. అవనిగడ్డ నుంచి బెజవాడ దాకా ధాన్యం బస్తాలు అట్లాగే చేరేవి. మొసలికి పగలు అరటిపండ్లు, పొద్దుగూకాక పెరుగన్నం. కథ రోజుకు ఒక మలుపు తిరిగేది. ఎప్పుడు అయిపోతుందని నేను అడగలేదు, అయిపోకూడదనే నా కోరిక.

అప్పుడు మా వంటింటిని ఏలిన కూర క్యాబేజీ. మన కూరగాయలు అమ్మే కొట్టు ఆ చుట్టుపక్కల లేదు. కరివేపాకు మొక్క ఉన్న తెలుగువాళ్లింటికి రెండు రైళ్లు మారి వెళ్లాలి. అన్ని కాలాల్లోనూ చవగ్గా దొరికేది క్యాబేజీ. అందుకని క్యాబేజీ కూర, క్యాబేజీ పప్పు, క్యాబేజీ పచ్చడి. ఒకసారి క్యాబేజీ పులుసు కూడా పెట్టింది అమ్మ. నాన్న దాన్ని ఆవకాయతో మరిపించుకునేవాడు. నాకు ఆ దారీ లేదు, ఆవకాయ కారానికి నా కళ్లు వాచేవి.

చలికాలం మొదలయ్యాక అమ్మమ్మ మారింది. ముందు గొంతు బొంగురుపోయింది. తర్వాత మొహం ఉబ్బినట్టయింది. ఎండలో కూర్చుని కూడా దుప్పటి కప్పుకునేది. కథ చెబుతూ చెబుతూ మాట మధ్యలో ఆగి, నెమ్మదిగా కళ్లు మూసుకునేది. ఆ రోజు మొసలి నది మధ్యలో ఉంది. వరద వస్తోంది. తాడు ఒక పేట తెగింది.

"తర్వాత, అమ్మమ్మా?"

నిద్రపోయింది. మర్నాడు కూడా తాడు అట్లాగే ఒక పేట తెగి ఉంది. ఆ తర్వాతి వారం కూడా.

ఇక్కడి చలి పడలేదని అమ్మ అంది. కూతురింట్లో ఎక్కువకాలం ఉండటం ఆమెకు మొహమాటంగా ఉందని నాన్న అన్నాడు. గుడివాడ నుంచి మామయ్య ట్రంక్ కాల్ చేసి, ఫోను అవసరం లేకుండానే వినిపించేంత గట్టిగా అరిచాడు. "అక్కా, పంపించెయ్. ఇక్కడ మన డాక్టరు గారు చూస్తారు."

ముందు ఇక్కడ చూపిద్దామన్నాడు నాన్న. చలికాలం వెళ్లేలోగా తేరుకోకపోతే టికెట్టు కొందామన్నాడు. అమ్మకు ఇంట్లో చంటిపిల్లవాడు, నాన్నకు రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ. స్కూలు అయ్యాక అమ్మమ్మను మూల మీది డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే పని నాకు పడింది.

డాక్టరు ఆమె గొంతు తడిమాడు. కనురెప్పలు చూశాడు. చిన్న రబ్బరు సుత్తి తీసి మోకాలి మీద తట్టాడు. కాలు లేవడానికి కాస్త ఆలోచించుకుంది. అది చూసి ఆయన మొహం వెలిగింది, పోయిన వస్తువు దొరికినట్టు.

"గొంతు బాగాలేదంటే మోకాలి మీద కొడతాడేంటే?" అంది అమ్మమ్మ.

రక్తం తీసి పంపారు. వారం తర్వాత మళ్లీ వెళితే, గొంతులో గ్రంథి పనిచేయడం మానేసిందని, రోజూ ఒక మాత్ర వేసుకుంటే మళ్లీ మామూలు మనిషి అవుతుందని చెప్పి, చీటీ రాసిచ్చాడు. నాన్నకు ఫోను చేసి కూడా అదే మాట చెప్పాడు.

అమ్మమ్మ ఎరిగిన వైద్యం వేరు. వాళ్ల ఊళ్లో డాక్టరు నాడి చూసేవాడు, ఇంజక్షను పొడిచేవాడు. కాంపౌండరు ఎర్ర మందు సీసాలో పోసి, మోతాదుల గుర్తుకు దంతెలు కత్తిరించిన కాగితం అతికించి ఇచ్చేవాడు. ఈయన నాడి చూడలేదు, సూది పొడవలేదు, మందు ఇవ్వలేదు. చీటీ రాశాడు. చీటీ రాసేవాడు గుమాస్తా. ఆ చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళితే, అక్కడ ఒక పొడుగాటి మనిషి తెల్లకోటు వేసుకుని, రంగు బుడ్ల మధ్య, ఎత్తు బల్ల వెనక నిలబడి ఉన్నాడు. అమ్మమ్మకు సంగతి తెలిసిపోయింది.

"ఈయనే అసలు డాక్టరు," అని నాతో చెప్పి, నమస్కారం పెట్టి, నాడి చూడమని చెయ్యి చాపింది. ఆయన మర్యాదస్తుడు. బల్ల మీంచి వంగి ఆ చేతిని పట్టుకుని ఊపాడు.

"హస్తవాసి ఎట్టా ఉంటుందో మరి," అని గొణుక్కుని, "పథ్యం ఏంటో అడుగు," అంది.

అడిగాను. అది డాక్టరును అడగాలన్నాడు.

"మళ్లీ గుమాస్తా దగ్గరికా?" అంటూనే నడిచింది. డాక్టరు గేటు దగ్గర కుక్కకు నీళ్లు పెడుతున్నాడు. తిండిలో ఏం మానాలో అడిగాను. ఏమీ మానక్కర్లేదన్నాడు. "ఆవిడకు ఏది ఇష్టమైతే అది తినమను."

ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. నా దుబాసీ జీవితంలో అంత నిజాయితీగా చెప్పిన మాట అదొక్కటే.

"ఏది ఇష్టమైతే అదా?"

"ఆఁ."

"అంతేనా?"

"అంతే అమ్మమ్మా."

ఆమె ఇంటికి వచ్చి, మాత్రల సీసాను దేవుడి పటం దగ్గర పెట్టి, మూత తియ్యకుండా పడుకుంది. మర్నాడు పొద్దున కూడా తియ్యలేదు. అమ్మ బతిమాలింది. నాన్న గుమ్మం బయట నిలబడి, "అత్తయ్యగారూ, వేసుకోండి, తగ్గుతుంది," అన్నాడు. అల్లుడికి ఆమె నేరుగా జవాబు చెప్పదు. "అల్లుడుగారికి చెప్పవే, నాకు టికెట్టు కొనమని," అంది అమ్మతో.

"ఏమైందమ్మా? నయమవుతుందని డాక్టరు చెప్పాడుగా."

"ఏం చెప్పాడో నాకు తెలుసు. మీ నాన్నకీ ఆఖర్న అదే చెప్పారు. ఇక పథ్యం అక్కర్లేదు, ఏది అడిగితే అది పెట్టండి అన్నారు. అరిసెలు అడిగాడు, చేసిపెట్టాను. ఆ వారం దాటలేదు." దుప్పటి సర్దుకుంది. "ఈయన మంచివాడే. మొహం మీద చెప్పలేక అట్టా చెప్పాడు. నేను కృష్ణ ఒడ్డున పోతాను గానీ, ఈ క్యాబేజీల దేశంలో కాదు."

అమ్మ ఇక్కడి డాక్టర్లు అట్లా అనరని, ఆ మాటకు అర్థం అది కాదని ఎంతో చెప్పింది. తల్లి చావుకబురు ఏ కూతురూ తల్లికి చెప్పదు కాబట్టి, ఆ మాటలన్నీ అమ్మమ్మకు సాక్ష్యంగానే కనిపించాయి. ఆ సాయంత్రం తన బంగారపు చుట్టుంగరం తీసి నా వేలికి తొడిగింది. నా బొటనవేలికి కూడా అది వదులే.

మర్నాడు స్కూలు నుంచి వస్తూ డాక్టరు ఇంటి ముందు కాసేపు నిలబడ్డాను. లోపలికి వెళ్లలేదు. కుక్క నన్ను చూసి, ఇది జబ్బు మనిషి కాదని తేల్చుకుని పడుకుంది. అక్కణ్నుంచి ఇంటి దాకా పరుగెత్తాను. ఆయాసం నిజంగా రావాలని.

"అమ్మమ్మా, డాక్టరు గేటు దగ్గర పిలిచాడు. మొన్న ఒకటి చెప్పడం మర్చిపోయాట్ట. పథ్యం ఉందంట."

కళ్లు తెరిచింది. "ఏంటంట?"

ఆ క్షణంలో వంటింట్లోంచి క్యాబేజీ ఉడుకుతున్న వాసన వచ్చింది. "క్యాబేజీ తినకూడదంట. అసలు ఇంట్లో వండకూడదంట."

అమ్మమ్మ ఆలోచించింది. మొహంలో కొంచెం రంగు వచ్చి, మళ్లీ పోయింది. "అంతేనా?"

అప్పుడు నాకు తెలిసింది. ఇష్టం లేనిది మానడం పథ్యం కాదు. కష్టం లేని పథ్యానికి బలం ఉండదు. ఇంకేం మానిపించాలా అని చుట్టూ చూశాను. అలమార మీద, రెండు గుడ్డలు కట్టుకుని, జాడీ కనిపించింది.

"ఆవకాయ," అన్నాను.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"ఆవకాయా?" అంది అమ్మమ్మ. లేచి కూర్చుంది. "ఆవకాయ మానమన్నాడా?"

"ముట్టుకోవద్దన్నాడు."

"మరి అట్టా చెప్పాలి గదా," అంది. దుప్పటి తీసేసింది. "ఆవకాయ మానమన్నాడంటే బతికే రోగమే. మంచినీళ్లు తీసుకురా." పరగడుపున వేసుకోవాల్సిన మాత్ర సాయంత్రం పూట మింగేసి, నా వేలి ఉంగరం తీసి తన వేలికి పెట్టుకుంది.

అమ్మ నా వైపు చూసింది. నేను హోంవర్కు వైపు చూశాను.

చిక్కంతా నాన్నతో వచ్చింది. అమ్మమ్మ ఎదురుగా ఇంకెవరూ ఆవకాయ తినకూడదని అమ్మ రూలు పెట్టింది. జాడీ అటక మీదికి పోయింది. క్యాబేజీ పోయినందుకు ఆయన సంతోషించాడు గానీ, ఆవకాయ దగ్గర ఇంజనీరు బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది.

"స్కాట్లండ్‌లో పుట్టిన మనిషికి ఆవకాయ ఎట్లా తెలుసు?"

"అడిగాడు నాన్నా. మీ ఇంట్లో అన్నిటికన్నా బలమైనది ఏంటి అని."

"నువ్వేం చెప్పావు?"

"ముందు నీ పేరు చెప్పాను. తినేదాంట్లో అన్నాడు."

నాన్న నవ్వాపుకున్నాడు. అనుమానం మాత్రం ఆపుకోలేదు. "మాగాయ తినొచ్చా? నిమ్మకాయ?"

"అవి ఆయనకు తెలియవు."

"ఆవకాయ తెలిసిన మనిషికి మాగాయ తెలియదా? తర్వాతి సారి నేనే వచ్చి మాట్లాడతాను."

మాత్ర నెమ్మదిగా పనిచేసింది. ముందు దుప్పటి పలచబడింది. తర్వాత గొంతులో గరగర తగ్గింది. ఒక సాయంత్రం నేను అడక్కుండానే, "ఆ తాడు ఒక పేట తెగింది కదా," అంది అమ్మమ్మ. మొసలి నది మధ్యలోంచి కదిలింది. నాకు మాత్రం లోపల భయం పట్టుకుంది. నాన్న డాక్టరును అడుగుతాడు. పథ్యం లేదని ఆయన అంటాడు. అమ్మమ్మ మాత్ర మానేస్తుంది. మొసలి మళ్లీ వరదలో ఆగిపోతుంది, ఈసారి గుడివాడ టికెట్టుతో.

ఆ రోజు రానే వచ్చింది. నాన్న సెలవు పెట్టి, టై కట్టుకుని మాతో డాక్టరు దగ్గరికి వచ్చాడు. డాక్టరు మళ్లీ సుత్తితో మోకాలి మీద తట్టాడు. కాలు ఆయన పైపును తన్నినంత పని చేసింది. డాక్టరు చాలా సంబరపడ్డాడు.

"డాక్టర్, ఆ పికిల్ సంగతి," అన్నాడు నాన్న ఇంగ్లీషులో. "ఇంకా ఎంతకాలం మానాలి?"

"ఏ పికిల్?"

అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు, మొహాలు చదవడం వచ్చు. నా మోచెయ్యి గిల్లింది. "ఏమంటున్నాడే?"

"ఆలోచిస్తున్నాడు," అన్నాను. అది నిజమే. ఆయన నాన్న వైపు, అమ్మమ్మ వైపు, ఆ తర్వాత చాలాసేపు నా వైపు చూశాడు. కనుబొమ్మలు రెండూ ఒక్కటయ్యాయి.

"చూడమ్మా," అన్నాడు నాతో. "నేను రోజూ చాలామందిని చూస్తుంటాను. వయసు మళ్లింది, మర్చిపోతుంటాను. మీ అమ్మమ్మకు నేనేం చెప్పానో ఒకసారి గుర్తుచెయ్యి."

"క్యాబేజీ తినకూడదన్నారు. ఆవకాయ తినకూడదన్నారు," అన్నాను. తర్వాతిది నెమ్మదిగా చెప్పాను. "ఏది ఇష్టమైతే అది తినమని మాత్రం మీరు అనలేదు. మా తాతయ్యకు ఊళ్లో డాక్టర్లు అట్లా అన్నారు. ఆ వారంలోనే పోయాడు."

నాన్న టై ముడి వదులు చేసుకున్నాడు. డాక్టరు కళ్లజోడు తీసి స్వెటరుకు తుడిచాడు. స్వెటరులోని చిల్లి వల్ల ఒక అద్దం వేలితోనే తుడవాల్సి వచ్చింది.

"అవును," అన్నాడు. "ఇప్పుడు గుర్తొచ్చింది. నేను అట్లా అనలేదు." నాన్న వైపు తిరిగాడు. "క్యాబేజీ ఈ గ్రంథికి పడదనే డాక్టర్లు ఉన్నారు. అది అట్లాగే ఉండనివ్వండి. ఇక ఆ పికిల్. ఆవిడ బాగా తేరుకుంది కాబట్టి, ఆదివారం మాత్రం. ఒక్క ముక్క. మాత్ర మానితే అది కూడా లేదు."

నాన్న ప్రతి మాటా తెలుగులోకి మార్చాడు, ఏదీ కలపకుండా, ఏదీ తీసెయ్యకుండా. దుబాసీగా ఆయనకు భవిష్యత్తు లేదని నాకు అప్పుడే అర్థమైంది. అమ్మమ్మ తల ఊపుతూ విన్నది. తేరుకునే కొద్దీ పథ్యం కొంచెం కొంచెం సడలించడం ఆమె ఎరిగిన వైద్యమే.

"ఈయనే డాక్టరు," అని తీర్పు చెప్పింది. "ఆ తెల్లకోటాయన కాంపౌండరు."

లేవబోతుంటే డాక్టరు చెయ్యి ఎత్తి ఆపాడు. "ఈ అమ్మాయి కాస్త పాలిపోయినట్టుంది. ఈమెకు రోజూ క్యాబేజీ పెట్టండి."

"రోజూనా?" అన్నాను.

"రోజూ."

"ఎన్నాళ్లు?"

"నేను చాలనే దాకా."

ఇది కూడా నాన్న పూర్తిగా, ఎంతో ఉత్సాహంగా తెలుగులోకి మార్చాడు.

ఆ సాయంత్రం వంటింట్లో నా ఒక్కదాని కోసం చిన్న గిన్నెలో క్యాబేజీ ఉడికింది. అమ్మమ్మ నా పక్కన కూర్చుని, నేను తినే దాకా కథ మొదలుపెట్టలేదు.

"మొసలికి జబ్బు చేసింది," అంది. "కొంగ వైద్యుడొచ్చాడు. కొంగ భాష మొసలికి రాదు. మధ్యలో ఒక కప్ప పిల్ల ఉంది, దానికి రెండు భాషలూ వచ్చు. ఏం తిన్నా ఫర్వాలేదని కొంగ చెప్పాడు. కప్ప పిల్ల కాస్త ఆలోచించి, కప్పల్ని తినకూడదంట అని చెప్పింది."

నా చేతిలో ముద్ద ఆగింది. "మొసలి నమ్మిందా?"

"మొసలి అంత తెలివితక్కువదేం కాదు," అంది అమ్మమ్మ. "కప్ప పిల్ల మొహం చూసి మందు మింగేసింది. తిను, చల్లారిపోతుంది."

ఆమె తర్వాత ఎన్నో ఏళ్లు మా దగ్గరే ఉంది. ఆదివారం ఒక్క ముక్క ఆవకాయ, మిగతా రోజుల్లో దాని గురించిన మాటలు. మొసలి బెజవాడ చేరిందో లేదో నాకిప్పటికీ తెలియదు. చేరే లోపల ఆవిడే వెళ్లిపోయింది.

కొట్ల వరస ఇప్పుడు లేదు. మిల్క్ బార్ ఉన్న చోట ఫోన్లు బాగుచేస్తారు. మందుల షాపు రంగు బుడ్లు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. డాక్టరు ఇంటిని పడగొట్టి అపార్టుమెంట్లు కట్టారు. ఆయన పోయిన సంగతి కూడా మాకు ఆలస్యంగా, ఎవరో చెబితే తెలిసింది.

ఇదంతా చెప్పేసరికి కారు ఇండియన్ షాపు ముందు ఆగి ఉంది. నా కూతురు ఇంజను ఆపి, వెనక్కి తిరిగి అమ్మను అడిగింది. "అమ్మమ్మా, ఈజ్ ఎనీ ఆఫ్ దిస్ ట్రూ?"

"మొసలి సంగతి నాకు తెలియదు," అంది అమ్మ. "క్యాబేజీ నిజమే."

లోపల ఆవకాయ సీసాలు గోడ పొడుగునా ఉన్నాయి. అమ్మ ట్రాలీ ఆపి, ఒకటి తీసి, చేతిలో కాసేపు తూచి చూసినట్టు పట్టుకుంది. వెనక్కి పెట్టబోయింది. నా వైపు చూసింది.

"రేపు ఆదివారమేగా," అని ట్రాలీలో పెట్టింది. "మాత్ర రేపటి నుంచే వేసుకుంటాను."

కూరగాయల దగ్గర ఆమె ట్రాలీ క్యాబేజీలను దాటి ముందుకు వెళ్లిపోయింది. నేను ఆగి ఒకటి తీసుకున్నాను. "హూ ఈజ్ దట్ ఫర్?" అంది నా కూతురు.

నాకేనన్నాను. తను చాలనే దాకా తినమన్నాడు ఆ డాక్టరు. ఆ మాట అనకుండానే పోయాడు.